కోర్సు అయ్యేదాకా ఆగకండి: ఒక చేపల పేజీతో వెబ్ ప్రోగ్రామింగ్

నమస్కారం అండి, వైజాగ్ నుంచి మళ్లీ నేనే. ఈ రోజు కాస్త గొడవకి దారితీసే విషయం మాట్లాడదాం.

వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లల సొంత సైట్లు ఈ మధ్య వరసగా చూస్తున్నాను. అన్నీ ఒకే అచ్చు. పైన గుండ్రటి ఫోటో. పక్కన ‘హాయ్, నేను ఫలానా, ఫుల్ స్టాక్ డెవలపర్‌ని’ అని ఒక్కో అక్షరమే టైపు అవుతూ వస్తుంది. దాని కింద నీలం గీతలు, పేజీలో రాతకి, అందానికి, కదలికకి వాడే మూడు భాషలు తనకెంత వచ్చో చెప్పేవి: హెచ్‌టీఎంఎల్ 95 శాతం, సీఎస్‌ఎస్ 90 శాతం, జావాస్క్రిప్ట్ 80 శాతం. ఈ శాతాలు ఎవరు కొలిచారో, ఏ తూకంతో కొలిచారో నాకు అర్థం కాదు. జావాస్క్రిప్ట్ తయారుచేసిన బ్రెండన్ ఐక్‌ని అడిగినా తనకి ఎంత శాతం వచ్చో చెప్పగలడా అని నా అనుమానం.

ఇలా ఎందుకవుతోందంటే, సైటు అనేది కోర్సు అంతా అయ్యాక చివర్లో చేసే పని అనుకుంటున్నారు. మా పిన్ని కొడుకు గాజువాక నుంచి రోజూ బస్సెక్కి ద్వారకానగర్ వచ్చి కోర్సు చేస్తున్నాడు. ఆర్టీసీ కాంప్లెక్స్ దాటాక ఏ మెట్లు చూసినా ఒక కోచింగ్ బోర్డు వేలాడుతుంది కదా, అలాంటిదాంట్లోనే. మొన్న ఇంటికొస్తే ‘నీ సైటేదిరా’ అన్నాను. ‘ఇంకా రియాక్ట్ అవ్వలేదన్నయ్యా. అదయ్యాక నోడ్ ఉంది. ఆ తర్వాత మొదలెడతాను’ అన్నాడు. రెండూ జావాస్క్రిప్ట్‌తో సైట్లు కట్టే పనిముట్లే. అప్పటికి వీడికి ఉద్యోగం టెన్షన్ మొదలవుతుంది. ఒక రెడీమేడ్ టెంప్లేట్ దించుకుని పేరు మార్చేస్తాడు. అందరిదీ ఒకే సైటు అవడానికి కారణం ఇదే.

నా మాట వినండి. శీర్షిక, పేరా, లింకు, బొమ్మ, ఈ నాలుగింటి హెచ్‌టీఎంఎల్ ట్యాగులు (పేజీలో ఏది ఏమిటో చెప్పే గుర్తులు) వచ్చిన రోజే సైటు మొదలుపెట్టేయండి.

ఆ నాలుగింటితో ఏమొస్తుంది అంటారా? టిమ్ బెర్నర్స్-లీ 1989లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ సంస్థలో ఉండగా ఈ వెబ్ ఆలోచనని కాగితం మీద పెట్టాడు. 1991 ఆగస్టులో దాని గురించి బయటి ప్రపంచానికి చెప్పాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దీన్ని అందరికీ ఉచితంగా వదిలేసింది. ఆ మొట్టమొదటి సైటు కాపీని సెర్న్ ఇప్పటికీ నెట్‌లో ఉంచింది. కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెల్ల కాగితం, నల్ల అక్షరాలు, నీలం లింకులు, అంతే. కానీ ఒకటి గమనించండి. స్మార్ట్‌ఫోన్ అన్న ఊహ కూడా లేని రోజుల్లో రాసిన పేజీ అయినా, బ్రౌజర్ కిటికీని ఫోనంత సన్నగా కుదిస్తే వాక్యాలు వాటంతట అవే సర్దుకుంటాయి. ఎందుకంటే ఉత్త హెచ్‌టీఎంఎల్‌కి ఏ వెడల్పైనా సమ్మతమే. 1200 పిక్సెళ్ల పెట్టె గీసి, అందులో రాతని ఇరికించి, దాన్ని పాడుచేసేది మనమే. తర్వాత దాన్ని బాగుచేయడానికి ‘రెస్పాన్సివ్ డిజైన్’ అని ఇంకో చాప్టర్ చదువుతాం.

కొత్త పేజీలో ఒక్క వ్యూపోర్ట్ లైను (తెర ఎంత వెడల్పుంటే పేజీ అంత అని బ్రౌజర్‌కి చెప్పేది) మాత్రం పెట్టుకోండి. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్లు మన పేజీని దాదాపు 980 పిక్సెళ్ల కంప్యూటర్ తెర అనుకుని గీసి, దాన్ని కుదించి చూపిస్తాయి. అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి.

ఇక అసలు ప్రశ్న. సైటులో ఏం పెట్టాలి? ‘నా గురించి’ అని ఒక పేజీ చాలు, అది కూడా నాలుగు వాక్యాలు. మిగతాదంతా మీకు తెలిసిన ఒక విషయం మీద ఉండాలి. మనం వైజాగ్‌లో ఉన్నాం కదా, అందుకని నేను చేపలు తీసుకున్నాను. ఫిషింగ్ హార్బర్‌లో ఏ చేప దొరుకుతుంది, వంజరం ఎలా ఉంటుంది, చందువని ఎలా గుర్తుపట్టాలి, కానాగంతలు పులుసుకి బాగుంటాయా వేపుడుకా, నెత్తళ్లు ఎండబెట్టినవి ఎలా వండుతారు. ఇవన్నీ మా ఇంట్లో అమ్మ చెప్పేవే, నేను టైపు చేశాను. మీది మధురవాడ అయితే మీ కొండ వెనక పక్షులు రాసుకోండి, కంచరపాలెం అయితే రైల్వే కబుర్లు రాసుకోండి. విషయం మీదయితే అది మిమ్మల్ని ప్రశ్నలడుగుతుంది. ఆ ప్రశ్నలు సిలబస్‌లో ఉండవు.

మొదటి ప్రశ్న తెలుగే. ‘వంజరం’ అని తెలుగులో రాసి సేవ్ చేసి బ్రౌజర్‌లో తెరిస్తే, కొందరికి నెత్తి మీద గీతలున్న ఏవో ఐరోపా అక్షరాలు వస్తాయి. కంప్యూటర్ పాడవలేదు, కంగారు పడకండి. తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకి యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనీ కంప్యూటర్లో దాచే పద్ధతి) మూడు బైట్లు పడతాయి. ఆ మూడింటినీ కలిపి చదవాలని బ్రౌజర్‌కి తెలియకపోతే విడివిడిగా చదివి మూడు పిచ్చి గుర్తులు వేస్తుంది. తల భాగంలో మెటా ఛార్‌సెట్ యూటీఎఫ్-8 అని ఒక లైను రాస్తే సరిపోతుంది. కోర్సులో ఈ లైను అందరూ కాపీ కొడతారు, అదెందుకో అడగరు. ఇంగ్లిష్ పేజీకి అది లేకపోయినా పెద్దగా తేడా తెలియదు మరి. తెలుగు రాస్తేనే దాని విలువ తెలుస్తుంది. పనిలో పనిగా హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష తెలుగు అని కూడా చెప్పండి. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో దాన్నిబట్టే తెలుసుకుంటుంది.

పెళ్లి కార్డులు, కరపత్రాలు వేసే డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైపు చేయించిన రాత మీ దగ్గరుంటే దాన్ని నేరుగా పేజీలో అతికించకండి. అది యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) కాదు. లోపల ఉన్నవి ఇంగ్లిష్ గుర్తులే, పైకి మాత్రం తెలుగు బొమ్మ తొడుగుతారు. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు చదవాలన్నా ఆ పత్రిక ఫాంటు దించుకోవాల్సి వచ్చేది, పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అది కూడా ఇదే తంతు.

ఫాంట్ల దగ్గర నాకు కాస్త ముచ్చట ఉంది. విండోస్‌లో నిర్మలా, ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్‌లో కోహినూర్, ఇలా ప్రతి పరికరంలోనూ ఒక తెలుగు ఫాంటు ముందే ఉంటుంది కాబట్టి ఏమీ పెట్టకపోయినా పేజీ కనిపిస్తుంది. ఇంకా అందం కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో గురజాడ అని ఒకటి ఉంది, గిడుగు అని ఒకటి ఉంది. వాడుక భాష కోసం పోట్లాడిన మన ఉత్తరాంధ్ర పెద్దలిద్దరి పేర్లూ ఫాంట్లయి కూర్చున్నాయి! శీర్షికలకి అవి బాగుంటాయి. పేరాలకి నోటో సాన్స్ తెలుగో, మండలి అనే ఫాంటో వాడండి. ఏది వాడినా లైను ఎత్తు మాత్రం 1.7 దగ్గర పెట్టండి. ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేట్లలో అది తక్కువ ఉంటుంది. మన వత్తులు కిందకి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పై లైను వత్తు వచ్చి కింది లైను గుడికి తగులుతుంది.

ఫోటోల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫోన్‌లో తీసిన ఫోటో నాలుగైదు ఎంబీ ఉంటుంది. వెడల్పు 1200 పిక్సెళ్లకి తగ్గించి సేవ్ చేస్తే మామూలుగా రెండు మూడు వందల కేబీకి దిగుతుంది. లొకేషన్ ఆన్‌లో ఉండి తీసిన ఫోటో అయితే ఆ ఫైలు లోపల ఎక్కడ తీశారో కూడా రాసి ఉంటుంది. వంటింట్లో చేప ఫోటో తీసి పెట్టారంటే మీ ఇంటి అడ్రస్ ఇచ్చినట్టే. పెట్టేముందు ఆ వివరాలు తీసేయండి.

ఇప్పుడు జావాస్క్రిప్ట్. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మర బోట్ల వేట నిషేధం. మా పేజీ చూసేవాళ్లకి ‘ఈ రోజు నిషేధం ఉందా లేదా’ అని పైన ఒక లైను కనిపించాలి. చూడండి ఎంత చక్కటి అభ్యాసమో. కాలిక్యులేటరు, టు-డూ లిస్టు చేసి చేసి విసిగిపోయినవాళ్లకి ఇది విందు భోజనం.

లెక్క సులువే. నెలని 100తో గుణించి తేదీ కలపండి. ఏప్రిల్ 15 అంటే 415, జూన్ 14 అంటే 614. ఇవాళ్టి సంఖ్య ఈ రెండింటి మధ్య ఉంటే నిషేధం ఉన్నట్టు. కానీ జావాస్క్రిప్ట్‌ని నెల అడిగితే జనవరికి 0 అంటుంది, ఏప్రిల్‌కి 3 అంటుంది. తేదీలు మాత్రం మర్యాదగా 1 నుంచే మొదలవుతాయి. 1995లో నెట్‌స్కేప్ కోసం ఈ భాష మొదటి రూపం పది రోజుల్లో తయారైంది. తేదీల భాగాన్ని అప్పటి జావా నుంచి తెచ్చి పెట్టారు, దాంతోపాటు ఈ వంకర లెక్కా వచ్చింది. కాబట్టి నెలకి ఒకటి కలపడం మరవకండి.

తర్వాత దాన్ని పరీక్షించాలి. జూన్ 15 వచ్చేదాకా ఎదురుచూడలేం కదా. అందుకని తేదీని ఈ లెక్క చేసే ఫంక్షన్‌కి బయటి నుంచి ఇవ్వండి. ఏప్రిల్ 14, ఏప్రిల్ 15, జూన్ 14, జూన్ 15, ఈ నాలుగు తేదీలూ ఇచ్చి చూడండి. తప్పు దొర్లేది ఎప్పుడూ గట్టు మీదే, మే నెల మధ్యలో దొర్లదు.

ఇంకో మెలిక ఉంది. బ్రౌజర్ చెప్పే తేదీ చూసేవాళ్ల ఊరి తేదీ. అమెరికాలో ఉన్న మన వైజాగ్ అమ్మాయి జూన్ 14 రాత్రి పేజీ తెరిస్తే ఇక్కడ అప్పటికే 15 తెల్లారి ఉంటుంది, బోట్లు బయల్దేరి ఉంటాయి. ఆవిడకి మాత్రం ‘నిషేధం ఉంది’ అని చూపిస్తుంది. తేదీ అడిగేటప్పుడు టైమ్ జోన్ ఆసియా/కోల్‌కతా అని చెబితే ఈ తేడా పోతుంది. ఏ కారణంగానైనా స్క్రిప్ట్ నడవకపోయినా నష్టం లేకుండా, ‘ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు’ అన్న వాక్యాన్ని హెచ్‌టీఎంఎల్‌లోనే రాసి పెట్టండి. ఇవాళ్టి సమాధానం దాని పక్కన చేరుతుంది.

తెలుగు ముచ్చట ఇంకొకటి మిగిలింది, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ప్రతి కోర్సులోనూ పాలిండ్రోమ్ అసైన్‌మెంట్ ఇస్తారు, ముందు నుంచీ వెనక నుంచీ ఒకేలా ఉందో లేదో చూడాలి. అందరూ ‘మేడమ్’ అని ఇంగ్లిష్‌లో ఇచ్చి, అక్షరాలు విడగొట్టి, తిరగేసి, పాస్ అయిపోతారు. అదే ప్రోగ్రాముకి ‘వికటకవి’ ఇచ్చి చూడండి. కాదంటుంది! తెనాలి రామకృష్ణుడి బిరుదునే ఫెయిల్ చేస్తుంది. మనకి అందులో ఐదక్షరాలు. జావాస్క్రిప్ట్‌కి ఏడు, ఎందుకంటే ‘వి’ని అది ‘వ’ ఒకటి, గుడి ఒకటి అని రెండుగా లెక్కపెడుతుంది. తిరగేస్తే గుడి ముందొచ్చి, ‘వ’ వెనకొస్తుంది. పొడవు కొలిచినా ఇదే గోల. పేరు పది అక్షరాలు దాటకూడదని ఫారంలో నియమం పెట్టారంటే మన పేర్లు సగం లోపలికి రావు. దీనికి ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) అనే సదుపాయం జావాస్క్రిప్ట్‌లోనే ఉంది. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్‌లోకి కూడా వచ్చింది కాబట్టి ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ పనిచేస్తుంది. దాంతో విడగొడితే వి, క, ట, క, వి అని ఐదూ చక్కగా వస్తాయి. ఇంటర్వ్యూలో ఇది చెప్పండి, ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకి జరుగుతారు. 95 శాతం గీత చూసి ఎవరూ అలా జరగరు.

సైటు నెట్‌లో పెట్టడానికి డబ్బు అక్కర్లేదు. మన ఫైళ్లని సైటుగా నెట్‌లో చూపించే గిట్‌హబ్ పేజెస్ ఉచితం, ఒక్కో సైటు ఒక జీబీ దాటకూడదు. అక్కడ పీహెచ్‌పీ, పైథాన్ లాంటివి నడవవు, ఉత్త ఫైళ్లు మాత్రమే. మనకి కావలసినదీ అదే. మీ లాప్‌టాప్‌లో కనిపించిన ఫోటో అక్కడ కనిపించకపోతే ముందు ఫైలు పేరు చూడండి. విండోస్‌కి ఇంగ్లిష్ పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే. గిట్‌హబ్ సర్వర్‌కి వేరువేరు. ఫైలు పేర్లన్నీ చిన్నక్షరాల్లో పెట్టుకుంటే ఈ తలనొప్పి రాదు. ఫోన్ నంబరు మాత్రం పేజీలో రాయకండి, ఈమెయిల్ చాలు.

సొంత డొమైన్, అంటే సైటుకి మన పేరుతో చిరునామా, తర్వాత కొనుక్కోవచ్చు, తొందరేం లేదు. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా, రెండో ఏడాది రెన్యూవల్ ఎంతో చూడండి, అసలు కథ అక్కడుంటుంది. పేరే తెలుగులో ఉండాలనుకుంటే డాట్ భారత్ తెలుగు లిపిలో కూడా ఉంది. కాకపోతే కొన్ని యాప్‌లు దాన్ని గుర్తుపట్టక, ఎక్స్ ఎన్ అని మొదలయ్యే పొడుగాటి ఇంగ్లిష్ గుర్తుల వరసగా చూపిస్తాయి. విజిటింగ్ కార్డు మీద వేయించుకునే ముందు ఆ సంగతి చూసుకోండి.

మా తమ్ముడు ప్రస్తుతానికి గాజువాక బస్సుల మీద ఒక పేజీ మొదలెట్టాడు, రియాక్ట్ లేకుండానే. వాడికి పట్టికల దగ్గర గొడవ వచ్చింది. బస్సుల టైమింగులు ఫోన్ తెర దాటి పక్కకి పోతున్నాయి. వచ్చే వీడియోలో ఆ పట్టికనే తెర మీద పెట్టుకుని సరిచేద్దాం.