28 మి.మీ. మాసిడోనియా ఫాలాంక్స్ రివ్యూ: బొమ్మలు భేష్, బరిసెలు దండగ

నమస్కారం అండీ. ముందు ఈ వేలు చూడండి. బ్యాండేజీ కట్టుకుని రివ్యూ చేయడం నాకిదే మొదటిసారి. ఎలా తగిలిందో తర్వాత చెబుతాను.

ఇదిగో డబ్బా, బల్ల మీద ఆడే యుద్ధాల ఆటలకి మనమే అతికించి రంగు వేసుకునే సైనికుల బొమ్మలు. అలెగ్జాండర్ కాలపు మాసిడోనియా ఫాలాంక్స్, అంటే పొడుగాటి ఆయుధాలతో దగ్గరగా వరుసలు కట్టే కాల్బలం, 28 మి.మీ. స్కేలు (బొమ్మ ఎత్తు దాదాపు అంత), గట్టి ప్లాస్టిక్, 40 బొమ్మలు. కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులివ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. ఇది చూశాక ఇంకో డబ్బా పంపుతారన్న ఆశ నాకు లేదు. ఎన్ని తలలు, ఎన్ని డాళ్లు, ఏ సైజు బేసులు (బొమ్మల్ని నిలబెట్టే పలకలు), ఇవన్నీ మీరు ఈపాటికే ఎక్కడో చూసే ఉంటారు. నేను వాటి జోలికి పోను. నాకు మాట్లాడాలని ఉన్నది ఒక్కటే. బరిసెలు.

మాసిడోనియా కాల్బలం పట్టుకునే ఆ పొడుగాటి ఆయుధాన్ని సరిస్సా అంటారు. గేమర్లం పైక్ అంటాం. కానీ మనకి బరిసె అని మంచి మాట ఉంది. సరిస్సా, బరిసె. పక్కపక్కన పెట్టి పలికితే అన్నదమ్ముల పేర్లలా లేవూ? అందుకే ఈ వీడియో అంతా బరిసె అనే అంటాను.

అసలు బరిసె ఎంత పొడవుండాలి? అలెగ్జాండర్ కాలంలో బతికిన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్, అన్నిటికన్నా పొడుగు సరిస్సా 12 మూరలు అని రాశాడు. అంటే సుమారు అయిదున్నర మీటర్లు. రెండో శతాబ్దానికొచ్చేసరికి, క్రీస్తు పూర్వమే లెండి, గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ 14 మూరలు అంటాడు. 28 మి.మీ. బొమ్మని 1/56 (అసలు సైజులో 56వ వంతు) అనుకుని లెక్కేస్తే, 12 మూరల బరిసె దాదాపు 10 సెంటీమీటర్లు రావాలి. ఈ డబ్బాలోవి స్కేలు పెట్టి కొలిచాను. 8 సెంటీమీటర్లు. రెండు మూరలకి పైగా మింగేశారు.

పొడవు తగ్గించినవాళ్లు మందమైనా తగ్గించారా? లేదు. ఒకటిన్నర మిల్లీమీటరు ఉంది. దాన్ని 56తో హెచ్చించండి. 8 సెంటీమీటర్లు దాటుతుంది. అది బరిసె కాదండీ, రోకలి. సన్నగా పోస్తే విరిగిపోతాయి, అందుకే లావుగా పోస్తాం అని తయారీదార్లు చెప్పే మాట నాకు తెలుసు. సరే, ఒప్పుకుంటాను. కానీ ఇవి లావుగా ఉండి కూడా విరిగాయి! మొదటిది ఫ్రేము నుంచి క్లిప్పర్‌తో కత్తిరిస్తుంటే పోయింది. రెండోది మౌల్డ్ లైన్ (అచ్చు అతుకు గీత) గీకుతుంటే పోయింది. మూడోది నేను ముట్టుకోనేలేదు, బొమ్మ బల్ల మీద పక్కకి ఒరిగింది, అంతే.

ఇంతవరకైతే నేను ఇంత గొడవ చేసేవాణ్ణి కాదు. అసలు కిరికిరి ఇక్కడ ఉంది, దగ్గరగా చూపిస్తాను. చేతులు కూడా బరిసెతో కలిపి ఒకే ముక్కగా పోశారు. బరిసె విరిగితే పిడికిలి మీద మోడు మిగులుతుంది. కొత్తది పెట్టాలంటే ఆ మోడు కోసి, పిడికిలికి బెజ్జం వేయాలి. పిడికిలి వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు, డ్రిల్ బిట్ ఒక మిల్లీమీటరు. కొంచెం పక్కకి జరిగితే వేళ్లు ఎగిరిపోతాయి. బొమ్మవే లెండి.

నేను ఈ బాధ మూడు రకాలుగా పడ్డవాణ్ణి. మొదట్లో నా దగ్గర 1/72 మెత్తటి ప్లాస్టిక్ సైన్యం ఉండేది. వాటి బరిసెలు చచ్చినా విరగవు. కానీ వంగుతాయి, వంగినచోటల్లా రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. ఒక సైన్యానికి నాలుగుసార్లు రంగు వేశాను. తర్వాత 15 మి.మీ. లోహపు బొమ్మలకి మారాను. ఆ లోహం మెత్తన, ప్రతి గేమ్‌కీ ముందు పది నిమిషాలు బరిసెలు సాపు చేయడమే పని. వంచుతూ, నిటారు చేస్తూ ఉంటే ఏదో ఒకరోజు చేతిలోకే వచ్చేస్తుంది. గట్టి ప్లాస్టిక్ అయితే ఈ రెండు కష్టాలూ తీరతాయనుకున్నా. తీరాయి, మూడోది మొదలైంది.

విరిగిన మొదటిదాన్ని పారేయబుద్ధి కాలేదు. సన్నటి ఇత్తడి గొట్టం ముక్కలోకి రెండు వైపుల నుంచీ దూర్చి అతికించాను. చూడటానికి అసహ్యంగా ఉందని నేనే సిగ్గుపడుతుంటే గుర్తొచ్చింది. గ్రీసులో వెర్గినా తవ్వకాల్లో ఒక ఇనుప గొట్టం దొరికింది. సరిస్సాని రెండు ముక్కలుగా మోసుకెళ్లి, యుద్ధం ముందు ఆ గొట్టంతో కలిపేవాళ్లని కొందరు పురావస్తు పండితుల వాదన. అందరూ ఒప్పుకోరు. నేను మాత్రం ఆ రోజే ఒప్పేసుకున్నాను.

ఇక రంగుల సంగతి. ఇక్కడ తిట్టడానికేం లేదు. ముఖాలు చాలా బాగా చెక్కారు, పెదవుల కింద నీడ కూడా తనంతట తానే పడుతోంది. నార కవచాలకి లేత దంతపు రంగు, మీద పల్చటి బ్రౌన్ వాష్ (గాడుల్లోకి దిగే నీళ్ల రంగు), మళ్లీ అంచులకి దంతపు రంగు. అంతే. హెల్మెట్లకి కంచు రంగు కింద ముదురు బ్రౌన్ వేసుకోండి, నలుపు వద్దు, చల్లగా కనిపిస్తుంది. డాళ్లు విడిగా రంగు వేసి ఆఖరున అతికించండి. డాలు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది కాబట్టి సూర్యుడి గుర్తు స్టికర్ ముడతలు పడుతుంది, డెకాల్ సాఫ్టెనర్ (స్టికర్‌ని మెత్తబరిచే ద్రవం) రెండుసార్లు రాస్తే సర్దుకుంటుంది. ఇంతకంటే చెప్పను, రంగుల మీద నా పాత వీడియోలు బోలెడున్నాయి.

ఆటలోకి వద్దాం. నేను ఆడేది డీబీఏ, పాతకాలపు యుద్ధాల బల్ల ఆట. 1990లో వచ్చిన రూల్స్, సైన్యం మొత్తం 12 ఎలిమెంట్లే, అంటే బొమ్మలున్న 12 బేసులే. ఈ స్కేల్లో బేసు వెడల్పు 60 మి.మీ., ఒక్కో పైక్ బేసు మీద నలుగురు. వెనక ఇంకో బేసు నిలబెడితే బలం అమాంతం పెరుగుతుంది. ఎదుటివాడిని కొట్టాలంటే మీ బేసు ముందు అంచు అతని బేసుకి తగలాలి. ఇక్కడే వచ్చింది చిక్కు. ముందు వరుసకి బరిసెలు నేలకి సమాంతరంగా పెట్టాను, ఫొటోల్లో అదిరిపోయింది. గేమ్‌లో మాత్రం మా ఫ్రెండ్ రోమన్లు నా బేసుకి నాలుగు సెంటీమీటర్ల దూరంలోనే ఆగిపోయారు. బరిసెలు వాళ్ల డాళ్ల మీద రంగు గీకుతున్నాయి. "నీ సైన్యం గెలవక్కర్లేదురా, నా పెయింటింగ్ పాడుచేస్తే చాలు" అన్నాడు.

నిజానికి చరిత్రలోనూ ఇదే జరిగింది. ముందున్న ఐదు వరుసల బరిసెలు ఫాలాంక్స్‌ని దాటి బయటికి వస్తాయని, ఒక్కో రోమన్‌కి పది మొనలు ఎదురవుతాయని పాలిబియస్ రాశాడు. ఎదురుగా వెళ్లి గెలవలేరు. మరి క్రీ.పూ. 197లో గ్రీసులోని కైనోసెఫలే కొండల్లో మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్ ఎలా ఓడాడు? పేరు కూడా చరిత్రకెక్కని ఒక రోమన్ ట్రిబ్యూన్ (సైనికాధికారి) 20 మానిపుల్స్‌ని, అంటే చిన్న దళాలని, తిప్పుకెళ్లి ఫాలాంక్స్ వీపు మీద పడ్డాడు. మా ఫ్రెండ్ కూడా అదే చేశాడు. వెనక నుంచి వచ్చిన అతని బేసు నా బేసుకి టక్కున అతుక్కుంది. అడ్డం ఏముంది? బరిసెలన్నీ అవతలి వైపు ఉన్నాయి. నాలుగో టర్న్‌కే గేమ్ అయిపోయింది.

కాబట్టి నా సలహా, ముందు వరుసకి కూడా బరిసెలు 45 డిగ్రీల్లో పైకి లేపి పెట్టండి. వెనక వరుసలవాళ్లు బాణాలు తప్పించుకోవడానికి అలా వాల్చి పట్టుకునేవాళ్లని అదే పాలిబియస్ చెప్పాడు, కాబట్టి తప్పు చేశామన్న బెంగ అక్కర్లేదు.

తీర్పు అడుగుతారు కదా. కొనండి. నేను తిట్టినంతసేపు తిట్టి కొనమంటున్నానంటే ఆ ముఖాల వల్లే. కానీ దీంతో పాటే 10 సెంటీమీటర్ల స్టీల్ బరిసెలు విడిగా తెప్పించుకోండి, 0.8 మి.మీ. మందంవి. డబ్బాలోవాటిని పిడికిలికి పైనా కిందా ముందే కోసేయండి, విరిగేదాకా ఆగొద్దు. పిడికిలి మధ్యలో సూదితో చిన్న గుంట పెట్టి, చేతి డ్రిల్‌తో సగం పైనుంచి, సగం కిందనుంచి తొలవండి. అప్పుడు బిట్ పక్కకి జారదు. స్టీలుకి ప్లాస్టిక్ సిమెంట్ పట్టదు, సూపర్ గ్లూ వాడాలి. రంగు వేసేముందు ప్రైమర్ తప్పనిసరి.

వేలి సంగతా? స్టీల్ మొనని సన్నగా అరగదీశాను, అందం కోసం. మర్నాడు బేసు ఎత్తబోతే ఒకేసారి మూడు దిగాయి. మీరు మాత్రం మొనని కొద్దిగా మొద్దుగానే ఉంచండి.

40 బొమ్మల్లో 26 అయ్యాయి. ఇంకా 14 పిడికిళ్లున్నాయి, ఒక్కోదానికి పది నిమిషాలు. పొద్దున్నించీ ఆ ఒక మిల్లీమీటరు బిట్ కనబడటం లేదు. కెమెరా కట్టేసి బల్ల కింద వెతకాలి.