ముందు ప్లగ్గు దాకా వెళ్లండి

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, లాబ్ అసిస్టెంటు గారికి, పొద్దున్నుంచి కుర్చీలు మోసిన పిల్లలకు నమస్కారం. సర్వర్లు, అంటే ఆఫీసు మొత్తానికీ పనిచేసే కంప్యూటర్లు, వాటి రిపేరు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. శాలువా కప్పేసరికి ఆరు నిమిషాలు అయిపోయాయి. అందుకని పుస్తకంలో ఉన్నవి వదిలేస్తాను. ఆన్ చేసినప్పుడు కంప్యూటర్ కొట్టే బీప్‌ల లెక్క మీ సార్లు చెబుతారు.

నా సంచిలోంచి ఇదిగో, ఈ మదర్‌బోర్డు తీస్తున్నాను. ముందు వరసలోంచి ఒకరి తర్వాత ఒకరు చూడండి. ఉబ్బిన కెపాసిటర్ ఉందా? కాలిన మచ్చ? లేదు కదా. దీన్ని పోయిందని చెప్పి మార్చింది నేనే.

మన కోనసీమలోనే ఒక సహకార సంఘం. పేరు వద్దు, వాళ్ల తప్పేం లేదు. రోజు లెక్క ముగించే వేళకి సర్వర్ దానంతటదే ఆగి, మళ్లీ లేచేది. పాపం గుమాస్తా ఎంట్రీలన్నీ మళ్లీ కొట్టుకునేవాడు. లెక్కలు ముగించేటప్పుడు లోడు ఎక్కువ కదా, ర్యామ్, అదే మెమరీ, తట్టుకోవట్లేదన్నాను. ర్యామ్ మార్చాను. అయినా ఆగింది. రెండు ఎస్‌ఎంపీఎస్‌లూ, అంటే సర్వర్‌కి కరెంటు అందించే డబ్బాలూ, మార్చాను. అయినా ఆగింది. మీటరు పెడితే 12 వోల్టుల లైను 12.1 చూపిస్తోంది. 11.4 నుంచి 12.6 దాకా ఉండొచ్చు, అంటే నిక్షేపంలా ఉంది. ఇంకేముంది, బోర్డే అన్నాను. ఆ బోర్డే ఇప్పుడు మీ చేతుల్లో ఉంది.

సర్వర్‌లో లాగ్, అంటే ఎప్పుడు ఏం జరిగిందో అదే రాసుకునే చిట్టా, ఉంటుంది, తెలుసుగా? చూశాను. తేదీలన్నీ 2000 జనవరి 1. చెత్త అనుకుని మూసేశాను. బోర్డు మీద మూడు వోల్టుల బిళ్ల సెల్లు అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా గడియారం మొదటికి వస్తోంది. తేదీ తప్పయితే కింద రాసింది కూడా తప్పవుతుందా? అందులో ప్రతిసారీ ఒకటే ఉంది: రెండు ఎస్‌ఎంపీఎస్‌లకీ ఒకే సెకనులో ఇన్‌పుట్ పోయింది. రెండూ కూడబలుక్కుని ఒకే సెకనులో చావవు కదా! సర్వర్ వెనక్కి వెళ్లి చూస్తే వాటి రెండు కరెంటు తీగలూ ఒకే యూపీఎస్‌కి, అంటే కరెంటు పోతే బ్యాటరీతో నడిపే పెట్టెకి, ఉన్నాయి. ఒకదానికి కరెంటు పోయినా రెండోది నడపాలనే రెండు పెట్టారు, అది ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

అసలు సంగతి వాచ్‌మన్ చెప్పాడు. "ఆయ్, కాలవ అవతల రొయ్యల చెరువుల కాడ ఏరేటర్లు ఏత్తారండి. లైటు గుడ్డిదైపోద్దండి. అప్పుడే ఇది ఆగిపోద్దండి." చీకటి పడితే చెరువులో ఆక్సిజన్ తగ్గుతుంది, నీళ్లలో గాలి కలిపే ఆ ఏరేటర్ మోటార్లు తిప్పక తప్పదు. రైతుని అని లాభం లేదు. ఆ సాయంత్రం ప్లగ్గులో మీటరు పెట్టి కూర్చున్నాను. 214 వోల్టులు. 205. 190. చూస్తుండగానే 158. యూపీఎస్ కుయ్యిమని బ్యాటరీకి మారింది, మారిన వెంటనే కూలబడింది.

డిస్‌ప్లేలో మాత్రం ఛార్జింగ్ నిండుగా ఉంది! మర్నాడు సర్వర్ ఆపి, యూపీఎస్‌కి బల్బులు తగిలించి, మెయిన్ తీశాను. అంతవరకూ ప్రతి బ్యాటరీ 13 వోల్టుల పైనే. లోడు పడగానే మూడు బ్యాటరీలు 9 కిందకి జారిపోయాయి. గాలి ఆడని గదిలో, మన ఎండల్లో, అవి ఎప్పుడో ముసలివైపోయాయి. వాటిని మార్చి, బిళ్ల సెల్లు వేసి, రెండో తీగ వేరే యూపీఎస్‌కి పెట్టాం. సర్వర్ మళ్లీ ఆగలేదు.

చేను ఎండితే మనం నారుని తిడతామా? తూము దగ్గరికి పోతాం. కంప్యూటర్ దగ్గరికొస్తే మాత్రం ముందు స్క్రూడ్రైవర్ తీస్తాం. ఎందుకు తీస్తాం? డబ్బా విప్పితేనే కస్టమరు మనల్ని మెకానిక్ అనుకుంటాడని! ఎర్తింగ్ గురించి కూడా చెప్పాలి, ఉప్పుగాలికి మన ఎర్తు పైపులు తొందరగా తుప్పు పట్టిపోతాయి... సరే, ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకుంటున్నారు.

బోర్డు డబ్బు తిరిగిచ్చావా అని వెనకనుంచి ఎవరో అడిగారు. లేదమ్మా. పాత బోర్డు ఇస్తానంటే ప్రెసిడెంటు గారు, "నీ దగ్గరే ఉంచుకోవయ్యా, గుర్తుంటుంది" అన్నారు.

ఆ స్తంభం పక్కనున్న అమ్మాయీ, ఈ మీటరు తీసుకో. ఏసీ వోల్టుల మీద పెట్టి ఆ ప్లగ్గులో చూడు. జాగ్రత్త, లోహం ముట్టుకోకు. ఎంత? 221. ఇంకా మధ్యాహ్నమే కదా. మీటరు ఇక్కడే వదిలి వెళ్తాను, ఆరున్నరకి మళ్లీ చూడు.