నేల దాచిపెట్టే వేడి: భవనాలకు గ్రౌండ్ సోర్స్ హీట్ పంపులు

అందరికీ నమస్కారం.

లోతైన బావిలోంచి తోడిన నీళ్లు చలికాలం తెల్లవారుజామున గోరువెచ్చగా తగులుతాయి. అవే నీళ్లు మండు వేసవిలో చల్లగా అనిపిస్తాయి. నీళ్లలో పెద్దగా మార్పేమీ ఉండదు, మారేది పైనున్న గాలి. మట్టి, రాయి వేడిని చాలా నెమ్మదిగా పోనిస్తాయి. ఎండాకాలపు వేడి నాలుగైదు మీటర్ల లోతుకు చేరేసరికి పైన చలి మొదలైపోతుంది. ఇంకా కిందికి, పది పదిహేను మీటర్లు దిగితే ఆ హెచ్చుతగ్గులు కూడా ఉండవు. ఆ ప్రాంతంలో గాలి ఉష్ణోగ్రతకు ఏడాది సగటు ఎంతో, అక్కడి నేల ఉష్ణోగ్రత దాదాపు అంతే ఉంటుంది. ఇవాళ మనం మాట్లాడుకునే యంత్రానికి, అంటే నేలకూ భవనానికీ మధ్య వేడిని మోసే గ్రౌండ్ సోర్స్ హీట్ పంపుకు, బలమంతా ఇదే.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. దీన్ని అగ్నిపర్వతాలతో, వేడినీటి బుగ్గలతో కలిపేస్తుంటారు. భూగర్భంలోని ఆవిరితో కరెంటు తీసే కేంద్రాలు వేరు, వాటికి సరైన చోటు దొరకాలి. మనకు కావలసింది మామూలు నేల. పై పొరల్లో ఉండే వేడిలో ఎక్కువ భాగం ఎండ వల్ల చేరిందే.

చలి ప్రాంతాల్లో పది డిగ్రీలుండే నేలతో ఇల్లు ఎలా వెచ్చబడుతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. లోపలి పదార్థాల్లోంచి లాగిన వేడి అది. హీట్ పంపు కూడా అదే పని చేస్తుంది. నేలలో, తరచుగా లోతైన బోరులో, పాతిన ప్లాస్టిక్ పైపుల్లో నీళ్లు, లేదా గడ్డకట్టని ద్రావణం కలిపిన నీళ్లు తిరిగి వస్తాయి. వాటిలోని వేడిని యంత్రంలోని గ్యాస్ తీసుకుంటుంది. కంప్రెసర్ ఆ గ్యాస్‌ను నొక్కి వేడెక్కిస్తుంది. ఆ వేడి గదుల్లోకి వెళుతుంది. వేసవిలో ఒక వాల్వు తిప్పితే దారి తిరగబడి, గదుల్లోని వేడి నేలలోకి దిగుతుంది. అంటే యంత్రం వేడిని పుట్టించడం లేదు, ఒకచోటి నుంచి మరోచోటికి మోస్తోంది. మామూలు కరెంటు హీటరు ఒక యూనిట్ తింటే ఒక యూనిట్ వేడి ఇస్తుంది. మంచి గ్రౌండ్ సోర్స్ పంపు ఒక యూనిట్‌కు మూడు నుంచి నాలుగు, అనుకూలమైన చోట ఐదు యూనిట్ల దాకా ఇస్తుంది. ఎక్కువ వచ్చిందంతా నేలలోంచి తెచ్చినదే.

బయటి గాలి నుంచి వేడి తీసే హీట్ పంపులు కూడా ఉన్నాయి, అవి చవక. మరి నేల తవ్వడం ఎందుకు? వేడిని ఎంత ఎత్తుకు ఎక్కించాలన్నదే ఇక్కడి లెక్క. బయట మైనస్ 10 డిగ్రీలు ఉందనుకోండి, గదిని వెచ్చబరచడానికి దాని గచ్చు కింద వేసిన పైపుల్లోకి 35 డిగ్రీల నీళ్లు కావాలి. గాలి పంపు 45 డిగ్రీల తేడాను దాటించాలి. నేల పైపుల్లోంచి నీళ్లు 5 డిగ్రీలతో వస్తుంటే తేడా 30 డిగ్రీలే. సిద్ధాంతం ప్రకారం చూస్తే, అదే కరెంటుకు వచ్చే వేడి ఒకటిన్నర రెట్లవుతుంది. నిజం యంత్రాల్లో ఈ తేడా డిగ్రీకి సుమారు 2 నుంచి 3 శాతం కరెంటుగా కనిపిస్తుంది. పైగా గాలి పంపుకు ఒక దురదృష్టం ఉంది: చలి ఎక్కువై మనకు వేడి బాగా కావలసిన రోజునే దాని సత్తువ తగ్గుతుంది, దాని మీద మంచు కూడా పేరుకుంటుంది. నేలకు ఆ రోజు గొప్ప చలి అన్న సంగతే తెలియదు.

వేసవిలోనూ అంతే. బయట 42 డిగ్రీల గాలి వీస్తుంటే మామూలు ఏసీ ఆ గాలిలోకే వేడిని నెట్టాలి. పైపుల్లో నీళ్లు 30 దగ్గర ఉంటే ఆ పని ఎంతో తేలిక. గోడ మీద రొద చేసే బయటి యూనిట్ ఉండదు, పక్కింటి కిటికీలోకి వేడిగాలి కొట్టదు. యంత్రమంతా లోపలే ఉంటుంది, ఎండావానలు తగలవు కాబట్టి ఇరవై ఏళ్లకు పైగా పనిచేయడం మామూలే. నేలలోని పాలిథిన్ పైపులు యాభై ఏళ్లు దాటి మన్నుతాయని లెక్క. కరెంటు సరఫరా చేసేవాళ్లకూ ఇది మేలే. ఎండ మండే మధ్యాహ్నం అందరి ఏసీలూ ఒక్కసారిగా నడిచేటప్పుడు పడే భారం ఈ భవనాల వల్ల తక్కువగా ఉంటుంది.

ఇదేమీ నిన్నటి ఆలోచన కాదు. భవనాలను వెచ్చబరచడానికి, చల్లబరచడానికి ఇలాంటి యంత్రం సాధ్యమని లార్డ్ కెల్విన్ 1852లోనే చెప్పాడు. నేలను వేడికి ఆధారంగా వాడే పద్ధతికి హైన్రిష్ జోలీ 1912లో స్విట్జర్లాండ్‌లో పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత దశాబ్దాల పాటు చమురు చవకగా దొరికింది, ఎవరికీ పట్టలేదు. 1973 చమురు సంక్షోభం దెబ్బకు స్వీడన్ లాంటి దేశాలు దీన్ని గట్టిగా పట్టుకున్నాయి. అక్కడి గట్టి రాయి మట్టి కంటే వేడిని బాగా పోనిస్తుంది, బోరులో ఊరిన నీళ్లే రాయికీ పైపుకూ మధ్య వేడిని చేరవేస్తాయి.

ఇక ఖర్చు, అసలు అడ్డంకి అదే. ఒక లెక్క చూద్దాం. ఒక ఇంటికి 10 కిలోవాట్ల వేడి కావాలి, యంత్రం ఒకటికి నాలుగు ఇస్తుంది. అందులో 2.5 కరెంటు నుంచి, 7.5 నేల నుంచి. మీటరు బోరుకు 50 వాట్లు వస్తే 150 మీటర్లు తవ్వాలి. పొడి ఇసుక నేలైతే మీటరుకు అందులో సగమే రావచ్చు, అప్పుడు బోరు రెట్టింపు. స్థలం బాగా ఉన్నవాళ్లు ఒకటి రెండు మీటర్ల లోతున కందకాలు తీసి పైపులు పరచుకోవచ్చు, అది చవక. ఏదైనా సరే, తవ్వకానికి పెట్టే డబ్బు మొదటే పెట్టాలి, పొదుపు మాత్రం నెల నెలా వస్తుంది. అందుకే నా మాట: ముందు గోడలు, పైకప్పు, కిటికీలు సరిచేయండి. వేడి కారిపోయే ఇంటికి పెద్ద బోరు వేయడం దండగ.

నేనిప్పుడు ఎక్కువసేపు మాట్లాడాలనుకున్న విషయానికి వచ్చాను. నేల ఒక గాదె లాంటిది. వేసవిలో వేస్తాం, చలికాలంలో తీస్తాం. రెండూ సరితూగితే ఎన్నేళ్లయినా నడుస్తుంది. చల్లదనమే ఎక్కువ కావలసిన వేడి ప్రాంతాల్లో, కంప్యూటర్లతో నిండిన ఆఫీసుల్లో ఏడాదంతా వేడిని వేయడమే తప్ప తీసేది ఉండదు. మొదటి రెండు మూడేళ్లు బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత బోర్ల చుట్టూ నేల మెల్లగా వేడెక్కి, మనం మెచ్చుకున్న ఆ తేడా కరిగిపోతుంది. చలి దేశాల్లో దీనికి ఎదురు జబ్బు, నేల ఏటేటా చల్లబడుతుంది. విరుగుడు లేకపోలేదు. బోర్లను ఐదారు మీటర్లకు తగ్గకుండా ఎడంగా వేయడం, మిగులు వేడిని స్నానాల నీళ్లకు వాడుకోవడం, కొంత భారాన్ని, వేడిని బయటి గాలిలోకి వదిలే కూలింగ్ టవర్ మీద వేయడం.

అన్ని రకాల అవసరాలూ కలిసిన చోట ఇది అద్భుతంగా కుదురుతుంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బాల్ స్టేట్ యూనివర్సిటీ 2009లో పని మొదలుపెట్టి, సుమారు 3,600 బోర్లు వేసి, నలభైకి పైగా భవనాలను ఒకే వ్యవస్థకు కలిపింది. పాత బొగ్గు బాయిలర్లకు సెలవిచ్చింది. స్టాక్‌హోమ్ దగ్గరి అర్లాండా విమానాశ్రయం భూగర్భ జలాల పొరనే నిల్వగా వాడుతోంది. చలికాలంలో చల్లబడిన నీళ్లు వేసవిలో టెర్మినల్స్‌ను చల్లబరుస్తాయి, వేసవిలో వెచ్చబడినవి చలికాలంలో విమానాలు ఆగే చోట మంచు కరిగిస్తాయి.

నేలను తెలుసుకోకుండా తవ్వితే ఏమవుతుందో కూడా చెప్పాలి. జర్మనీలో స్టౌఫెన్ అనే చిన్న ఊరుంది. 2007లో అక్కడి మునిసిపల్ భవనం కోసం బోర్లు వేశారు. ఆ బోర్ల గుండా భూగర్భజలం అన్‌హైడ్రైట్ అనే ఖనిజపు పొరలోకి చేరింది. తడిస్తే అది జిప్సంగా మారి ఉబ్బుతుంది. ఊరు ఊరే పైకి లేచింది, 200కి పైగా భవనాల గోడలు బీటలు వారాయి. తప్పు హీట్ పంపుది కాదు, కింద ఏ పొరలున్నాయో సరిగా చూడకపోవడం, బోరును గట్టిగా మూసి నింపకపోవడం. అందుకే పెద్ద పనుల్లో ముందు ఒక పరీక్ష బోరు వేసి, రెండు మూడు రోజులు వేడి నీళ్లు తిప్పి, నేల ఆ వేడిని ఎంత చురుగ్గా పోనిస్తుందో కొలుస్తారు. ఆ పరీక్ష ఖర్చు దండగనే వాళ్లు ఎదురైతే వాళ్లకు పని అప్పగించకండి.

పర్యావరణం గురించి ఒక్క మాట. ఇంట్లో గ్యాస్, బొగ్గు మండవు, పొగ ఉండదు. కానీ వాడే కరెంటు బొగ్గుదైతే కాలుష్యం పోదు, తగ్గుతుంది అంతే. కరెంటు శుభ్రపడేకొద్దీ అదే యంత్రం, ఏ మార్పూ లేకుండా, తానూ శుభ్రపడుతుంది. గ్యాస్ బాయిలర్‌కు ఆ వీలు లేదు.

కొత్త భవనం కట్టబోయేవాళ్లు పునాదికి ముందే ఆలోచించాలి. కట్టేశాక తవ్వే యంత్రం లోపలికి రావడమే కష్టం. పునాది స్తంభాల్లోనే పైపులు పెట్టే పద్ధతి కూడా ఉంది. డిజైన్ తెచ్చిన ఇంజినీరును మొదటి ఏడాది బిల్లు గురించి అడగకండి, అది ఎలాగూ బాగానే ఉంటుంది. ఇరవయ్యో ఏట ఆ పైపుల్లోంచి వచ్చే నీళ్లు ఎన్ని డిగ్రీలుంటాయో లెక్క వేసి చూపించమనండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.