మామోగ్రామ్ రిపోర్టు: బైరాడ్స్ కేటగిరీ ఎలా వేయాలి?

నమస్కారం. స్క్రీన్ మీద ఈ మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, రిపోర్టు చూడండి. "కుడి రొమ్ములో నీడ లాంటిది కనిపిస్తోంది. అవసరమైతే ఫాలోఅప్ చేయగలరు." అంతే, అయిపోయింది. ఇది చదివిన సర్జన్ ఏం చేయాలి? బయాప్సీకి పంపాలా, ఆర్నెల్లు ఆగాలా? రాసినవాళ్లకే ఫోన్ చేసి అడగాలి.

ఈ తంటా లేకుండా 1993లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ బైరాడ్స్ తెచ్చింది, రొమ్ము ఫిల్ముల రిపోర్టు అందరూ ఒకేలా రాసే పద్ధతి. సున్నా నుంచి 6 దాకా కేటగిరీలు. అంకె చూస్తే తర్వాత చేయాల్సిన పని తెలియాలి.

సరే, అదే రిపోర్టు మళ్లీ రాద్దాం. ముందు రొమ్ము సాంద్రత, అంటే కణజాలం ఎంత దట్టంగా ఉందో, ఏ నుంచి డీ వరకు ఏదో ఒకటి. తర్వాత గడ్డ ఎక్కడుంది, ఎంతుంది, ఆకారం ఏంటి, అంచు ఎలా ఉంది. "పై బయటి భాగంలో 12 మిల్లీమీటర్ల గడ్డ, ఆకారం అస్తవ్యస్తం..." ఇక అంచు. ఇక్కడ తొందరపడొద్దు. జూమ్ చేసి చుట్టూ తిరిగి రండి. ఎడమవైపు నున్నగానే ఉంది, కానీ కింద చూశారా, సన్నటి గీతలు ముళ్లలా బయటికి పోతున్నాయి. "స్పిక్యులేటెడ్" అని రాయండి. "అనుమానంగా ఉంది" అనొద్దు, అది వర్ణన కాదు.

మరి కేటగిరీ? చాలామంది వెంటనే 5 వేసేస్తారు. మన చేతిలో ఉన్నది స్క్రీనింగ్ ఫిల్మ్, అంటే లక్షణాలు లేనివాళ్లకు తీసే మొదటి ఫిల్మ్ మాత్రమే, కాబట్టి సున్నా. సున్నా అంటే ఏమీ లేదని కాదు, పరీక్ష ఇంకా పూర్తికాలేదని. పేషెంట్లు దీన్ని చూసి హమ్మయ్య అనుకుంటారు, అందుకే పక్కన "అదనపు వ్యూలు, అల్ట్రాసౌండ్ కావాలి" అని రాయడం మర్చిపోకండి.

అవి వచ్చాక కూడా గడ్డ ఇలాగే ఉంటే అప్పుడు 4సీ లేదా 5. క్యాన్సర్ అవకాశం 95 శాతం, ఆపైన ఉంటేనే 5. 4 అన్నది 2 నుంచి 95 దాకా పరుచుకున్న పెద్ద గంప, అందుకే 10 దగ్గర, 50 దగ్గర కోసి ఏ, బీ, సీ చేశారు.

1 అంటే ఏమీ కనపడలేదు, 2 అంటే హాని లేని మార్పు; వీటితో పేచీ లేదు. 3తోనే ఉంది. ఎటూ తేలనప్పుడు వేసే అంకె కాదది. అన్ని వ్యూలూ చూశాక, క్యాన్సర్ అవకాశం 2 శాతం మించదనిపిస్తేనే 3, ఆర్నెల్లకు మళ్లీ ఫిల్మ్.

ఇంకొకటి. రిపోర్టులో ఉత్త "4ఏ" అని రాయకండి. బైరాడ్స్‌లో 4ఏ అంటే బయాప్సీ. ఊపిరితిత్తులకు వాడే లంగ్‌రాడ్స్‌లో అదే 4ఏకి మామూలుగా 3 నెలల్లో మళ్లీ సీటీ. అంకెకు ముందు సిస్టమ్ పేరు తప్పకుండా పెట్టండి.