టచ్ ఫోన్ కొనేముందు టవర్ సంగతి తేల్చుకోండి

అందరికీ నమస్తే. నల్లగొండ ప్రకాశం బజార్‌లో గానీ, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర గానీ ఏ ఫోన్ షాపుకైనా పోండి, వినపడే మాటలు ఇవే. "అన్నా, ఇరవై వేలల్ల మంచి టచ్ ఫోన్ ఏమున్నది? కెమెరా మంచిగుండాలె." షాపాయన నాలుగు డబ్బాలు తీసి కౌంటర్ మీద పెడతాడు. మెగాపిక్సెల్స్ ఎన్ని, ర్యామ్ ఎంత, ఎంతసేపట్లో ఛార్జ్ అవుతుంది... ఇదంతా తేలాక పాత సిమ్మే అందులో వేసుకుని ఊరికి పోతారు. ఇంట్లో అడుగుపెట్టగానే కాల్ కట్. మాట్లాడాలంటే దాబా ఎక్కాలి.

నా మాట ఒకటే. మన జిల్లాల్లో ముందు నెట్‌వర్క్ తేల్చుకోవాలి, ఆ నెట్‌వర్క్‌కి సరిపోయే ఫోన్ తర్వాత వెతకాలి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇది పట్టదు, అక్కడ ఏ సిమ్ వేసినా ఎంతో కొంత నడుస్తుంది. దేవరకొండ దాటి చందంపేట వైపు పోయినా, అచ్చంపేట దాటి మన్ననూరు పోయినా లెక్క మారిపోతుంది. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవి. అక్కడ చాలా దూరం, లక్ష రూపాయల ఐఫోన్ కూడా టైమ్ చూసుకునే గడియారమే.

ఫోన్‌కీ నెట్‌వర్క్‌కీ మధ్య ముడి కొత్తదేం కాదు. 2007 జూన్ 29న అమెరికాలో మొదటి ఐఫోన్ అమ్మకానికి వచ్చినప్పుడు ఏటీ అండ్ టీ నెట్‌వర్క్‌కే అమ్మారు. మరుసటి ఏడాది అక్టోబర్‌లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్, హెచ్‌టీసీ చేసిన జీ1, టీ-మొబైల్ దగ్గర వచ్చింది. అంటే ఫోన్ మీద మనసు పడితే నెట్‌వర్క్ కూడా మార్చుకోవాల్సిందే. మన దగ్గరా అలాంటి రోజులున్నాయి. 2003లో రిలయన్స్ 501 రూపాయలు కడితే చాలు ఫోన్ అని ఇచ్చింది, గుర్తుందా? ఆ సీడీఎంఏ ఫోన్లలో సిమ్ తీసి ఇంకో కంపెనీది వేసే వీలే లేదు. ఇప్పుడు మనకు ఆ బాధ లేదు, బయట షాపులో కొన్న ఫోన్‌లో ఏ సిమ్ అయినా వేసుకోవచ్చు. ఇంత వీలున్నా పదేళ్ల కింద తీసుకున్న సిమ్‌నే పట్టుకుని వేలాడతాం.

అయితే ఆ అమెరికా తాళం ఇప్పటికీ మన ఇళ్లలోకి వస్తూనే ఉంది. మిర్యాలగూడలోనో, సూర్యాపేటలోనో బామ్మర్ది డల్లాస్ నుంచి ఐఫోన్ తెచ్చిస్తాడు. అక్కడ కిస్తీల మీద తీసుకున్న ఫోన్ అయితే, చాలావరకు కిస్తీలు తీరేదాకా కంపెనీ వాళ్లు ఇంకో కంపెనీ సిమ్ పట్టకుండా దాన్ని లాక్‌లోనే ఉంచుతారు. అందుకే అతను విమానం ఎక్కకముందే అడగండి: సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్, కిందికి పోతే క్యారియర్ లాక్ అని ఉంటుంది. అక్కడ 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉంటేనే తెమ్మనండి. ఇంకో సంగతి, ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ ట్రేనే లేదు, అంతా ఈసిమ్, అంటే ఫోన్ లోపలే ఉండే, చేత్తో తీయలేని సిమ్. జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఈసిమ్ ఇస్తాయి, ఇబ్బంది లేదు. కానీ ఛార్జింగ్ అయిపోతే సిమ్ తీసి చిన్న ఫోన్‌లో వేసుకునే అలవాటు మనది. దాంట్లో అది కుదరదు. బామ్మర్దిని నొప్పించకుండా ఈ ముక్క ఎలా చెప్తారో మీ ఇష్టం.

సరే, నెట్‌వర్క్‌ల దగ్గరికి వద్దాం. జియో 2016 సెప్టెంబర్ 5న మొదలైంది, 4జీతోనే. దానికి 2జీ, 3జీ అసలే లేవు. రైతులు ఇది గమనించాలి. బోరు మోటారుకు పెట్టే మొబైల్ స్టార్టర్‌లో కూడా సిమ్ ఉంటుంది కదా, పాత స్టార్టర్లు చాలావరకు 2జీవి. వాటిలో జియో సిమ్ పనిచేయదు. ఇంటిల్లిపాదికీ జియో తీసుకున్నా, చేను దగ్గరి స్టార్టర్‌కు మాత్రం వేరే సిమ్ ఉంచాల్సి వస్తుంది.

5జీలో ఇంకో మెలిక ఉంది. జియో 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ కొన్నది. ఫ్రీక్వెన్సీ ఎంత తక్కువైతే సిగ్నల్ అంత దూరం పోతుంది, గోడల్లోంచి కూడా బాగా దూరుతుంది. ఊళ్ల మధ్య దూరాలు ఎక్కువున్న మన పాలమూరు వైపు దానికి విలువుంది. కానీ మీ ఫోన్‌లో ఆ 700ను పట్టే ఎన్28 బ్యాండ్ ఉంటేనే ఆ లాభం. జియో 5జీ విడిగా తన కాళ్ల మీద నడుస్తుంది, దాన్ని ఎస్ఏ అంటారు. ఎయిర్‌టెల్ 5జీని 4జీ ఆసరాతో మొదలుపెట్టింది, అది ఎన్ఎస్ఏ. 2024 నవంబర్‌లో వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీ ఫోన్ ఎస్ఏ ఒక్కటే పట్టేది. దాంతో అందులో ఎయిర్‌టెల్ సిమ్ వేసినవాళ్లకు ఎన్ఎస్ఏ 5జీ అందలేదు, 4జీతోనే సరిపెట్టుకున్నారు. డబ్బా మీద మాత్రం 5జీ అని పెద్దక్షరాల్లో ఉంటుంది! తక్కువ ధరలో 5జీ ఫోన్ చూస్తుంటే ఎస్ఏ, ఎన్ఎస్ఏ రెండూ ఉన్నాయా, ఎన్28తో పాటు జియో, ఎయిర్‌టెల్ రెండూ 5జీకి వాడే ఎన్78 బ్యాండ్ ఉన్నదా అని కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. షాపాయన నోటి మాట చాలదు.

బీఎస్ఎన్ఎల్‌ను చూసి నవ్వకండి. దేశంలోనే తయారైన పరికరాలతో కట్టిన దాని 4జీని 2025 సెప్టెంబర్ 27న ప్రారంభించారు. అడవి అంచు ఊళ్లలో, తండాల్లో ఉండేవాళ్లు రెండో సిమ్‌గా ఒకసారి వేసి చూడొచ్చు. వీఐ గురించి పల్లెల్లో ఉండేవాళ్లకు నేను పెద్దగా చెప్పను. మీ వాడకట్టులో ఎవరికైనా మంచిగా వస్తుంటే తీసుకోండి.

ఎవరి సిగ్నల్ ఎక్కడ ఉందో చూడటానికి, టెలికాం కంపెనీలను అదుపు చేసే ట్రాయ్ ఆదేశాలతో కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజ్ మ్యాపులు పెట్టాయి. చూడండి గానీ, మీ ఇంటి గోడ మందం ఆ మ్యాపుకు తెలియదు. పక్కింటాయన ఫోన్ అడిగి తీసుకుని, మీరు పడుకునే గదిలో, వంటింట్లో, బోరు దగ్గర తలా ఒక కాల్ చేసి చూడండి. సాయంత్రం ఏడు తర్వాత నెట్ కూడా నడిపి చూడండి, ఊరంతా వీడియోలు చూసే టైమ్ అదే. ఇంట్లో ఫైబర్ వైఫై ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి, లోపలి గదిలో కూడా మాట్లాడొచ్చు.

"మాకు కాల్స్ వస్తే చాలు" అంటారు కొందరు పెద్దవాళ్లు. చిన్న ఫోన్ వాడే పెద్దమ్మకు డేటా ప్యాక్ వేయించడం దండగే. ట్రాయ్ చెప్పాక 2025 జనవరి నుంచి కాల్స్, మెసేజ్‌ల వరకే ఉండే ప్యాకులు వచ్చాయి, అవి అడగండి. కానీ పత్తి రైతుకు అలా చెల్లదు. 2025 సీజన్ నుంచి కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. సిగ్నల్ లేక ఓటీపీ రాకపోతే పత్తి ఇంట్లోనే ఉంటుంది.

ఇక ఫోన్ సంగతి, తొందరగా చెప్పేస్తా. అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో చూడండి. శాంసంగ్ ఏ16 5జీ లాంటి మామూలు ధర ఫోన్‌కే ఆరేళ్లు ఇస్తామన్నారు. సర్వీస్ సెంటర్ మీ జిల్లా కేంద్రంలో ఉందా, లేక స్క్రీన్ పగిలితే హైదరాబాద్ బస్సెక్కాలా కనుక్కోండి. ఐఫోన్ మంచి ఫోనే, కాదనను. 2024 జూలైలో రేట్లు పెరిగి 239 రూపాయల జియో ప్యాక్ 299 అయింది. ఆ 299 కోసం ఇంట్లో అడుక్కునే పిల్లగాడు కిస్తీల మీద ఐఫోన్ తీసుకుంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

నంబర్ పోతుందని భయపడి చాలామంది నెట్‌వర్క్ మార్చరు. పోదు. పోర్ట్ సౌకర్యం 2011 జనవరి 20 నుంచి దేశమంతా ఉంది. ఇంగ్లీషులో పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ ఇచ్చి, మీ నంబర్ కొట్టి 1900కి పంపండి. ఒక కోడ్ వస్తుంది, అది నాలుగు రోజులు చెల్లుతుంది. ఈలోపు ఆధార్ తీసుకుని కొత్త కంపెనీ షాపుకు పోవాలి. ఇప్పుడున్న నెట్‌వర్క్‌లో 90 రోజులు దాటి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బాకీ ఉండొద్దు. తెలంగాణ, ఆంధ్ర రెండూ ఇప్పటికీ ఒకే టెలికాం సర్కిల్, కాబట్టి విజయవాడలో తీసుకున్న నంబరైనా మూడు పనిదినాల్లో మారుతుంది. పుణె, ముంబై పనికి పోయి అక్కడ తీసుకున్న నంబర్‌కు ఐదు పనిదినాలు పడుతుంది. మారేటప్పుడు కొన్ని గంటలు ఫోన్ మూగబోతుంది, అందుకని పత్తి స్లాట్ ఉన్న వారంలో ఈ పని పెట్టుకోకండి.