పోస్టు డబ్బా మీద ఇంటిపేరు
(బెర్లిన్ తెలుగువాళ్ల దసరా కూడికలో, కొత్తగా వచ్చిన విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దలకు, లోపల పులిహోర కలుపుతున్న అక్కలకు, మొన్ననే సూట్‌కేసులతో దిగిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు దసరా శుభాకాంక్షలు. కార్యదర్శిగారు నాకు పది నిమిషాలిచ్చారు. రాత్రి పదింటికల్లా హాలు ఖాళీ చేయాలని రెండుసార్లు గుర్తుచేశారు కూడా. అంటే ఈ హాలు కూడా మనకి షార్ట్ టర్మ్ అద్దేనన్నమాట.

నాకిచ్చిన విషయం, బెర్లిన్‌లో ఇల్లు షార్ట్ టర్మ్ తీసుకోవాలా, లాంగ్ టర్మ్ తీసుకోవాలా అని. బుద్ధిగా కాగితం మీద మధ్యలో గీత గీసి, అటొకటి ఇటొకటి రాసుకొచ్చాను. ముందు అది చదివేస్తాను. దారి తప్పితే ఎవరైనా దగ్గండి.

షార్ట్ టర్మ్ అంటే మంచం, బల్ల, గిన్నెలు, ఇంటర్నెట్ అన్నీ ఉన్న గది. వచ్చిన రాత్రే దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు. కరెంటు, హీటింగ్ అద్దెలోనే కలిపేస్తారు. అద్దె మాత్రం వాచిపోతుంది. దానికో కారణం ఉంది. ఇక్కడ 2015 నుంచి అద్దెలకు బ్రేకు వేసే చట్టం ఉంది, మీట్‌ప్రైస్‌బ్రెమ్సె అంటారు. మామూలు పాత ఇల్లు కొత్తవాళ్లకి ఇచ్చేటప్పుడు, ఆ పేటలో నడిచే అద్దె మీద పది శాతానికి మించి అడగకూడదు. తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చే ఇళ్లకు ఆ బ్రేకు లేదు. అందుకే నాలుగు కుర్చీలు, ఒక సోఫా వేసి షార్ట్ టర్మ్ అని బోర్డు పెట్టడమంటే ఓనర్లకు అంత ముద్దు. వీసా కోసం మీరు ముందే డబ్బు వేసుకుని వచ్చిన బ్లాక్డ్ అకౌంట్‌లోంచి నెలకొచ్చేది 992 యూరోలు. అద్దె పోను ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి.

లాంగ్ టర్మ్‌లో రెండు అద్దెలుంటాయి. కాల్ట్‌మీటె, వార్మ్‌మీటె. చల్ల అద్దె, వెచ్చ అద్దె. చల్లది గోడలకి, వెచ్చది హీటింగ్, నీళ్లు, చెత్త, మెట్లు ఊడ్చే మనిషి అన్నీ కలిపి. కరెంటు చాలాచోట్ల విడిగా మనమే పెట్టుకోవాలి. డిపాజిట్ మూడు నెలల చల్ల అద్దెకు మించకూడదు, దాన్నీ మూడు వాయిదాల్లో కట్టే హక్కు మనకుంది. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు ఇచ్చి వచ్చినవాళ్లు ఈ మాట విని నవ్వుకుంటారు. మనం ఖాళీ చేయాలంటే మూడు నెలల ముందు చెప్పాలి. ఓనరు మనల్ని పొమ్మనాలంటే మాత్రం చట్టం ఒప్పుకునే కారణం చూపించాలి. మన ఊళ్లో పదకొండు నెలల అగ్రిమెంటు రాసి, ఏటా అద్దె పెంచి, "మా అబ్బాయి వస్తున్నాడు, ఖాళీ చేయండి" అంటారు కదా. ఇక్కడ అబ్బాయి నిజంగానే వస్తున్నాడని ఓనరు నిరూపించుకోవాలి.

కాగితం అయిపోయింది. ఇందులో ఏదీ తప్పు కాదు. కానీ నేను పదేళ్ల కింద వచ్చినప్పుడు ఇదంతా ఎవరో చెప్పారు, నోట్సు కూడా రాసుకున్నాను, అయినా మునిగాను. ఎందుకంటే అడగాల్సిన ప్రశ్న ఆ కాగితంలో లేదు.

మాది బందరు పక్కన చిలకలపూడి. ఇంటిపేరు కూడా అదే. పెద్దవాళ్లకి తెలుసు, చిలకలపూడి బంగారం అంటే రోల్డ్‌గోల్డు. చూడ్డానికి మెరుస్తుంది, తాకట్టు కొట్టుకి తీసుకెళితే పరువు పోతుంది. 2016 జనవరిలో బెర్లిన్ పేటల్లో ఒకటైన నోయికోల్న్‌లో నేను దిగిన ఫ్లాటు సరిగ్గా అలాంటిదే. కిటికీ దగ్గర మొక్క, వంటింట్లో పన్నెండు రకాల గరిటెలు, స్నానాల గదిలో తెల్ల తువ్వాళ్లు. అమ్మకి వీడియోలో చూపించి మురిసిపోయాను. వారం వారం అద్దె కట్టేవాణ్ణి.

ఈ దేశంలో ఇల్లు మారిన రెండు వారాల్లో బ్యూర్గర్‌ఆమ్ట్‌లో, అంటే పేట ఆఫీసులో, పేరు నమోదు చేయించుకోవాలి. అన్మెల్డుంగ్. దానికి, ఫలానావాళ్లు మా ఇంట్లో ఉంటున్నారని ఓనరు సంతకం చేసిన కాయితం కావాలి, వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. ఈ మాట ముందు నా ఇంటిపేరు ఎంత? 2015 నవంబరు నుంచి ఈ కాయితం తప్పనిసరి చేశారు. నేను దిగింది ఆ తర్వాత రెండో నెలలో! అడిగితే మా ఓనరు చాలా మర్యాదగా, "నువ్వు మా అతిథివి కదా, అతిథికి రిజిస్ట్రేషన్ ఎందుకు?" అన్నాడు.

విదేశం నుంచి మూడు నెలల్లోపు వచ్చిపోయేవాళ్లకి అక్కర్లేదన్నది నిజమే. నేను వచ్చింది ఉద్యోగానికి. నమోదు లేకపోతే పదకొండు అంకెల ట్యాక్స్ నంబరు పోస్టులో రాదు. అది లేదని మా కంపెనీ లెక్కలవాళ్లు నన్ను ఆరో క్లాసులో పడేశారు. మనకి బళ్లో ఆరో క్లాసంటే ప్రమోషను. ఇక్కడ జీతంలో అన్నిటికంటే ఎక్కువ పన్ను కోసే క్లాసది. మొదటి పేస్లిప్ చూసి, పక్క సీటతన్ని "ఇందులో ఇంకొకరి జీతం కూడా కోశారా?" అని అడిగాను. డబ్బు తర్వాత తిరిగొచ్చిందనుకోండి. ఈలోపు "ఏరా, ఈ నెల పంపలేదేం?" అని అమ్మ అడిగితే చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. గరిటెలు పన్నెండున్నాయని చెప్పనా?

ఏప్రిల్లో ఓనరు మళ్లీ మర్యాదగా వచ్చి నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఉండే ఇళ్లను టూరిస్టులకి తిప్పకూడదని బెర్లిన్‌లో చట్టం వచ్చింది, అప్పటికే అలా తిప్పుతున్న ఓనర్లకిచ్చిన గడువు 2016 ఏప్రిల్ 30తో అయిపోయింది, అనుమతి లేకుండా నడిపితే అప్పట్లో లక్ష యూరోల దాకా జరిమానా. నా పేరు కాయితం మీద పెట్టకపోవడానికి కారణం నేను అతిథినని కాదు, ఆ ఇంటి లెక్కే తేడాగా ఉందని.

ఎవరో దగ్గారు. వస్తున్నాను.

తర్వాత ఇంకో పేట, లిష్టెన్‌బెర్గ్‌లో లాంగ్ టర్మ్ దొరికింది. చూడ్డానికి వెళ్లినప్పుడు మంచి వంటగది, పొయ్యి, సింకు, అలమరలు. తాళాలు చేతికొచ్చాక వెళ్లి చూస్తే గోడలోంచి రెండు పైపులు, వాటికి మూతలు. సింకు లేదు. పాత అద్దెవాళ్లు వంటగది మొత్తం విప్పుకుని పట్టుకెళ్లారు, వాళ్లదే కదా మరి. బల్బులు కూడా లేవు, పైనుంచి తీగలు వేలాడుతున్నాయి. పదకొండు వారాలు కుక్కరు హాల్లో నేలమీద పెట్టి అన్నం వండుకుని, గిన్నెలు బాత్‌టబ్ దగ్గర గొంతుక్కూర్చుని తోముకున్నాను. కాబట్టి సంతకం పెట్టేముందు "వంటగది ఇంటితో వస్తుందా?" అని అడగండి. పాతవాళ్లు అమ్ముతామంటే బేరమాడి కొనుక్కోండి. మొహమాటపడకండి.

అయినా ఆ ఇంట్లో నేను సుఖంగా నిద్రపోయాను. కాయితం అడిగితే ఓనరు మారు మాట్లాడకుండా సంతకం పెట్టి ఇచ్చాడు. నమోదయ్యాను. ట్యాక్స్ నంబరు కోసం ఎదురుచూస్తున్నాను. వారాలు గడిచినా రాదే!

ఇక్కడ ఫ్లాటుకి నంబరుండదు. కింద ఇరవై రెండు పోస్టు డబ్బాలు, ఒక్కోదాని మీద ఒక ఇంటిపేరు. పోస్టతను ఆ పేరు చూసి ఉత్తరం వేస్తాడు. నా డబ్బా మీద ఇంకా పాతవాళ్ల పేరే ఉంది. నేను తెల్లకాగితం మీద నా పేరు రాసి టేపుతో అంటించాను. అదీ ఇంటిపేరు కాదు, అమ్మ పిలిచే పేరు. పాస్‌పోర్టులో రెండూ ఉన్నాయి కదా, ఏదైనా ఒకటే అనుకున్నాను. మర్నాడు హౌస్‌మైస్టర్, అదే బిల్డింగు చూసుకునే ఆయన, ఆ కాగితం పీకేశాడు. పలకలన్నీ ఒకే రకంగా ఉండాలిట. ఈలోగా ఉత్తరం వచ్చి, ఈ పేరుగలవారు ఇక్కడ లేరని వెనక్కి పోయింది.

హౌస్‌మైస్టర్ దగ్గరికెళ్లి ఇంటిపేరు రాసిచ్చాను. ఇంగ్లీషులో పదమూడు అక్షరాలు. ఆయన వేలు పెట్టి లెక్కపెట్టుకుని, పలకలో పట్టదు, కొంచెం కత్తిరించుకోవచ్చా అన్నాడు. చిలకలు తీసేస్తే పూడి మిగులుతుంది, పూడి తీసేస్తే చిలకలు మిగులుతాయి. కుదరదన్నాను. నిట్టూర్చి, చీమల్లాంటి అక్షరాల్లో చెక్కించి తెచ్చి, స్క్రూ బిగించాడు. ఆ సాయంత్రం ఆ డబ్బా తాళం మూడుసార్లు తీసి వేశాను, లోపల ఏమీ లేకపోయినా. మనవాళ్లు దాన్ని ఇంటిపేరు అని ఎందుకన్నారో నాకప్పుడు తెలిసింది.

తమ్ముళ్లూ, మీరు అడగాల్సింది అదీ. నెలకా, ఏడాదికా అన్నది తర్వాత. "అన్మెల్డుంగ్ ఇస్తారా? డబ్బా మీద నా పేరు వేస్తారా?" దానికి నీళ్లు నమిలే ఇంటికి అడ్వాన్సు పంపొద్దు. నేను లండన్‌లో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తానన్నవాడికి అసలే పంపొద్దు. అలాగని ఉండని ఇంటి అడ్రసు కొనుక్కుని నమోదు చేయించుకోకండి. అలా అడ్రసు ఇచ్చినవాళ్లకి 50,000 యూరోల దాకా జరిమానా ఉంది.

ఇక నేను ఈ మైకు తీసుకున్నది దేనికో అది చెప్పి దిగిపోతాను. ఇది పిల్లలకి కాదు. వెనక వరుసలో గోడకానుకుని కూర్చున్న మనవాళ్లకి. ఒక గదిలో రెండు పరుపులు వేసి, ఒక్కో పరుపుకింత అని తీసుకుని, "అన్మెల్డుంగ్ మాత్రం అడగొద్దు తమ్ముడూ" అంటున్న మనకి. మనకి అనే అంటున్నాను.

2019 అక్టోబరులో కరీంనగర్ కుర్రాడొకడు మా ఇంట్లో మూడు నెలలకి దిగాడు. నా ఓనరుకి చెప్పలేదు. రెండో వారం, నేను టీ పెడుతుంటే వచ్చి నిలబడ్డాడు. "అన్నా, ఆ కాయితం ఒక్కటి రాసిస్తవా? వీసా పొడిగింపుకి కావాలంట" అన్నాడు. నేను అతని మొహం చూడకుండా, "ఉండేది మూడు నెలలేగా, నువ్వు మా గెస్టువి, నీకెందుకురా అదంతా?" అన్నాను. అతను సరే అన్నా అని వెళ్లిపోయాడు. టీ పొంగింది. పొయ్యి తుడుస్తూ ఉంటే నోయికోల్న్ ఓనరు గొంతు వినిపించింది, నా నోట్లోంచి, తెలుగులో. అతను మా ఇంట్లో ఉండేది మూడు నెలలు కావచ్చు, ఈ దేశంలో రెండేళ్లు ఉండాలి కదా. నెలాఖరుకే అతను వేరే చోటు చూసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత తెలిసింది, ఆ కాయితం మీద సంతకం నేనే పెట్టొచ్చు. గది ఇచ్చినవాడే ఇవ్వాలి. నేను చేయాల్సిందల్లా ఓనరుకి ఒక ఉత్తరం రాసి అనుమతి అడగడం. ఇంట్లో ఒక గది ఇంకొకరికి ఇవ్వడానికి తగిన కారణం చూపిస్తే అనుమతి అడిగే హక్కు కూడా చట్టంలో ఉంది. చెప్పకుండా దొంగతనంగా ఇస్తేనే మన ఇంటికి మోసం. ఒక్క ఉత్తరానికి బద్ధకించాను.

ఈ ఆగస్టులో ఆ ఉత్తరం రాశాను. అనుమతి వచ్చింది. మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, లిష్టెన్‌బెర్గ్‌లోనే, ఎస్‌బాన్ లోకల్ రైలు స్టేషన్‌కి ఎనిమిది నిమిషాల నడక. ఆరు నెలలకి కావాలన్నా, రెండేళ్లకి కావాలన్నా సరే. కాయితం మొదటిరోజే ఇస్తాను. వంటగది కూడా ఉంది, సింకుతో సహా.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. గది కావలసినవాళ్లు పులిహోర దగ్గర నన్ను కలవండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో, ఎన్ని అక్షరాలో ముందే చెప్పండి. హౌస్‌మైస్టర్ ఇంకా ఆయనే.