నమూనా రిపోర్టు, మన లెక్కలు

శ్రోతలకు నమస్కారం.

చిన్న వ్యాపారం పెట్టాలని బ్యాంకుకు వెళ్తే ముందుగా అడిగేది ప్రాజెక్ట్ రిపోర్ట్, అంటే పెట్టుబడి, ఖర్చులు, రాబడి అంచనాలు రాసిన కాగితాలు. ఆ మాట వినగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఎవరిదో పాత రిపోర్టు సంపాదించి, పేరూ ఊరూ మార్చి ప్రింట్ తీయించి ఇచ్చేస్తారు. నమూనా వాడటంలో తప్పేమీ లేదు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వెబ్‌సైట్‌లో చాలా రకాల యూనిట్లకు నమూనా రిపోర్టులు ఉచితంగానే దొరుకుతాయి. యంత్రాలు, ముడిసరుకు, కరెంటు, జీతాలు, అద్దె, అమ్మకాలు, లోన్ వాయిదాలు, ఇలా దేన్నీ మర్చిపోకుండా అవి గుర్తుచేస్తాయి. కాకపోతే అందులో ఉన్న అంకెలు మీ ఊరివి కావు, మీ వ్యాపారానివీ కావు.

పల్లెలో ఒకావిడ ఆవకాయ తయారుచేసి అమ్మాలనుకుంటున్నారనుకోండి. నమూనాల్లో ముడిసరుకు దగ్గర తరచుగా నెల రోజుల నిల్వ చూపిస్తారు. బేకరీకి అది సరిపోతుంది, మైదా ఏ నెలకానెల కొనుక్కోవచ్చు. ఆవకాయకు అలా కుదరదు. టెంక గట్టిపడిన పుల్లటి కాయ వేసవిలో కొన్ని వారాలే దొరుకుతుంది. ఏడాదంతా అమ్మే పచ్చడికి కాయలు, నూనె, కారం, ఆవపిండి, ఉప్పు అన్నీ ఆ వారాల్లోనే కొనాలి. ముక్కలు కొట్టేవాళ్లకు కూలీ అప్పుడే ఇవ్వాలి. పెట్టిన డబ్బు మాత్రం ఏడాది పొడవునా కొద్దికొద్దిగా తిరిగొస్తుంది.

ఇది లెక్కలో ఎలా కనిపిస్తుందో చూద్దాం. ఏడాది అమ్మకం 24 లక్షలు అనుకుందాం. చిన్న పరిశ్రమలకు బ్యాంకులు వాడే నాయక్ కమిటీ పద్ధతిలో, అంచనా అమ్మకంలో నాలుగో వంతు, అంటే 6 లక్షలు, వర్కింగ్ క్యాపిటల్‌గా, అంటే సరుకు కొనడానికీ రోజువారీ ఖర్చులకూ తిప్పుకునే డబ్బుగా కావాలి. అందులో 4 లక్షల 80 వేలు బ్యాంకు ఇస్తుంది, మిగతా లక్షా 20 వేలు మనం పెట్టుకోవాలి. కానీ ఆవిడ మే నెలలో ఒక్కసారిగా 11 లక్షల సరుకు కొనాల్సి వస్తే? ఇంకో 5 లక్షలు ఎక్కడినుంచి తెస్తారు? నమూనాను నమ్ముకుంటే ఆ ప్రశ్న మే నెలలో గానీ ఎదురుకాదు. అప్పుడు వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెత్తాల్సి వస్తుంది. నాకు బాధ కలిగించేది ఇదే. నాయక్ కమిటీ చెప్పింది కనీస మొత్తం మాత్రమే. ఏ నెలలో ఎంత ఖర్చు, ఎంత రాబడి అని పన్నెండు నెలలకూ విడివిడిగా పట్టిక వేసి చూపిస్తే, సీజన్ వ్యాపారానికి బ్యాంకు అంతకన్నా ఎక్కువ ఇవ్వడాన్ని పరిశీలించవచ్చు. నమూనాలో ఆ పట్టిక లేకపోతే మీరే చేర్చండి.

సబ్సిడీ సంగతి కూడా చెప్పాలి. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, పీఎంఈజీపీ, నిబంధనల ప్రకారం పల్లెల్లో యూనిట్ పెట్టే మహిళలకు 35 శాతం సబ్సిడీ. 10 లక్షల ప్రాజెక్టులో 3 లక్షల 50 వేలన్నమాట. సొంత వాటా 50 వేలు. అయితే ఆ సబ్సిడీ చేతికి రాదు. మీ పేరు మీద మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ సరిగా నడిస్తే లోన్‌లో జమ అవుతుంది. దాన్ని మొదటి ఏడాది ఆదాయంగా వేసుకుంటే మిగతా లెక్కంతా తప్పుతుంది.

అమ్మకాల అంకె రాసేముందు నాలుగు కిరాణా షాపులు తిరగండి. సీసాకు ఎంత మార్జిన్ అడుగుతారు, డబ్బు ఎన్నాళ్లకు ఇస్తారు, నూనె కారిన సీసాలు వెనక్కి పంపేస్తారా, ఇవన్నీ కనుక్కోండి. అరువు మీద ఇచ్చిన సరుకు మీ పెట్టుబడిలోంచే వెళ్తుంది, కాబట్టి ఆ రోజులు కూడా పట్టికలో కనిపించాలి.

జిల్లా పరిశ్రమల కేంద్రంలో సలహా అడగవచ్చు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో శిక్షణ ఉచితం. కొటేషన్లు, బ్యాంకు పరిశీలన, మంజూరు, వీటన్నిటికీ సమయం పడుతుంది. పచ్చడి కోసమే లోన్ అయితే సంక్రాంతి లోపే అప్లికేషన్ పెట్టండి.

నమస్కారం.